టర్పెంటైన్ పురుగుకే... పుండుకు కాదు!

వానలు పడి కొట్టం చుట్టూ చిత్తడి అయ్యిందంటే ఈగలు ముసురుతాయి. ఈగలు ముసిరాయంటే ఒంటి మీద ఎక్కడ చిన్న గాయమున్నా పశువుకు పురుగులు పడతాయి. కాడి రాసుకున్న మెడ, విరిగిన కొమ్ము, గాలికుంటుకు పగిలిన గిట్ట, ముక్కుతాడు కోసిన చోటు, కొత్తగా పుట్టిన దూడ బొడ్డు... ఎక్కడైనా సరే. అప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పని, గూట్లో ఉన్న టర్పెంటైన్ సీసా తీసి పుండులో పోయడం. పురుగులు బిలబిలమంటూ బయటికొస్తాయి. మందు భలే పనిచేసిందని రెండో రోజూ పోస్తారు. మూడో రోజూ పోస్తారు. పుండు మానేదాకా పోస్తూనే ఉంటారు. పుండు మాత్రం మానదు.

మానకపోవడానికి కారణం చాలాసార్లు ఆ సీసాలోనే ఉంటుంది. టర్పెంటైన్ పురుగును బయటికి రప్పించే మందే తప్ప పుండును మాన్పే మందు కాదు. పురుగు పోయాక కూడా పోస్తుంటే కొత్తగా పుట్టే లేత మాంసాన్ని అది కాల్చేస్తుంది. ఈ ఒక్క తేడా తెలియక రెండెకరాలు, ఒక పాడి గేదె ఉన్న చిన్న రైతు వారం రోజుల్లో పోవాల్సిన కష్టాన్ని నెలకు పొడిగించుకుంటున్నాడు.

టర్పెంటైన్ మీద రెండు రకాల మాటలు వినబడుతుంటాయి. దీన్ని మించిన మందు లేదని పెద్దవాళ్ళు అంటారు. అది పెయింట్లలో కలిపే విషమని, పశువు దగ్గరికే రానీయొద్దని చదువుకున్న కుర్రవాళ్ళు అంటారు. రెండు మాటల్లోనూ సగమే నిజముంది. పశువైద్య పుస్తకాల్లో పురుగులు పడిన పుండుకు టర్పెంటైన్ వాడకం ఈనాటికీ ఉంది. అయితే ఎంత, ఎంతసేపు, ఎక్కడ అన్న లెక్క కూడా ఉంది. మనం మందును మాత్రం ఉంచుకుని లెక్కను వదిలేశాం.

చెట్టు జిగురు నుంచి

అసలు టర్పెంటైన్ పైన్ చెట్టు జిగురు నుంచి వస్తుంది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో చీర్ పైన్ అనే చెట్లు అడవులుగా పెరుగుతాయి. ఈత చెట్టుకు గీత పెట్టి కల్లు తీసినట్టే, ఆ చెట్టు మానుకు గాటు పెట్టి కారే జిగురును పడతారు. ఆ జిగురును బట్టీ పడితే ఆవిరై వచ్చి చల్లారేది టర్పెంటైన్ తైలం. అడుగున గట్టిగా మిగిలేది రోజిన్. హిమాచల్‌లో నాహన్, బిలాస్‌పూర్‌లలో అక్కడి అటవీ అభివృద్ధి సంస్థకు ఇందుకోసమే ఫ్యాక్టరీలు ఉన్నాయి.

మన పల్లెల్లో కొందరు దీన్నే కర్పూర తైలం అంటారు. అందులో కర్పూరమేమీ కలపరు. కాకపోతే ఈ రెండింటికీ చుట్టరికం ఉంది. ఈరోజు హారతిలో వెలిగించే కర్పూరం చాలావరకు ఫ్యాక్టరీల్లో ఈ టర్పెంటైన్ నుంచి తయారైనదే.

ఈ తైలానికి కొవ్వును, జిగురును కరిగించే గుణం ఉంది. రంగు మరకను పోగొట్టేదీ ఆ గుణమే, చర్మం మీద సహజంగా ఉండే నూనె పొరను కరిగించేదీ ఆ గుణమే. ఆ పొర పోయిన చర్మం పొడిబారి, ఎర్రబడి, పగులుతుంది. ఎక్కువసేపు ఉంటే బొబ్బలెక్కుతుంది. బాగా ఉన్న తోలుకే ఇలా ఉంటే, తోలే లేని పచ్చి పుండుకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పెయింటు షాపు సీసా వేరు

ఇది చాలామందికి తెలియని సంగతి. పెయింట్లు అమ్మే షాపుకు వెళ్ళి 'టర్పెంటాయిలు ఇవ్వండి' అంటే ఇచ్చేది దాదాపుగా చెట్టు నుంచి తీసింది కాదు. అది మినరల్ టర్పెంటైన్. కిరసనాయిలు, డీజిలు మాదిరిగా ముడి చమురును శుద్ధి చేసేటప్పుడు వచ్చేది. పేరు ఒకటే, పెయింటును పలుచన చేసే పనీ ఒకటే. పుట్టుక మాత్రం పూర్తిగా వేరు. డబ్బా మీద ఎం.టి.ఓ. అని రాసి ఉంటే అది ఇదేనని అర్థం.

వాసన చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు. చెట్టు టర్పెంటైన్ సాంబ్రాణి, కర్పూరం కలిసినట్టు ఘాటుగా ఉంటుంది. మినరల్ టర్పెంటైన్ కిరసనాయిలు వాసనకు దగ్గరగా ఉంటుంది. పశువుకు వాడదలచుకుంటే మందుల షాపులోనే కొనండి. లేబుల్ మీద ఆయిల్ ఆఫ్ టర్పెంటైన్ అని ఉండాలి, 'మినరల్' అన్న మాట ఉండకూడదు. చదవడం రాకపోతే బడికెళ్ళే పిల్లాడితో చదివించుకోండి. పెయింటు షాపు సరుకు చవకే, నిజమే. రంగుల కోసం తయారైన దాన్ని పుండులో పోసి, ఆనక డాక్టరుకు కట్టే డబ్బుతో పోల్చుకుంటే అది చవక కాదు.

థిన్నర్ల సంగతి ఇంకా దారుణం. వాటిలో ఏమేం కలుస్తాయో అమ్మేవాడికే తెలియదు. కొట్టం దరిదాపులకు తీసుకురావద్దు.

పురుగు ఎలా పడుతుంది?

పుండులో పురుగు దానంతటది పుట్టదు. ఈగ పెట్టిన గుడ్డు నుంచి పుడుతుంది. మన ప్రాంతాల్లో పశువుల పుండ్లను పట్టే ఈగల్లో అన్నిటికన్నా చెడ్డది నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుపుతో ఉండే ఒక రకం. మామూలు ఈగలు కుళ్ళిన మాంసం మీద వాలితే, ఇది బతికున్న పశువు తాజా గాయం మీదే వాలుతుంది. గోమారు కరిచిన పాటి గాయం చాలు దానికి. గాయం అంచున ఒకే విడతలో నూట యాభైకి పైగా గుడ్లు పెడుతుంది. ఒక పగలో ఒక రాత్రో గడిచేసరికి అవి పగిలి పురుగులవుతాయి. తల కిందికి పెట్టి, మర మేకు దిగినట్టు మాంసంలోకి దిగుతాయి. ఆరేడు రోజులు తిని, బలిసి, నేల మీద పడి మట్టిలో గూడు కట్టుకుంటాయి. ఎండ, ఉక్క ఉంటే ఇంకో వారానికల్లా మళ్ళీ ఈగలై లేస్తాయి.

ఇక్కడ ఒక కీలకం ఉంది. ఈ పురుగు నోటితో తింటూ, తోక వైపు ఉన్న రంధ్రాలతో గాలి పీలుస్తుంది. అందుకే తల లోపల, తోక పైన పెట్టుకుని ఉంటుంది. పుండులోకి తొంగి చూస్తే తెల్లగా కదులుతూ కనబడేవి ఆ తోకలే. టర్పెంటైన్ ఘాటు, దాని ఆవిరి ఆ రంధ్రాలకు తగిలితే పురుగుకు ఊపిరాడదు. లోపల ఉండలేక బయటికి పాకుతుంది. టర్పెంటైన్ చేసే పని ఇంతే. కాబట్టి దాన్ని చెంబుతో పోయాల్సిన అవసరమే లేదు. ఆవిరి తగిలితే చాలు, దూదికి అంటిందే ఎక్కువ.

చేయాల్సిన పద్ధతి

ముందు పశువును గట్టిగా కట్టేయండి. మందు పడగానే చురుక్కుమంటుంది, ఎంత సాధువైనా తన్నుతుంది. పుండు చుట్టూ వెంట్రుకలు కత్తిరించండి. గోరువెచ్చని నీళ్ళలో నాలుగు పర్మాంగనేట్ పలుకులు వేసి లేత గులాబీ రంగు వచ్చేలా కలిపి, ఆ నీళ్ళతో చీము, మురికి కడగండి. వంగపండు రంగు వచ్చిందంటే ఎక్కువైందని అర్థం, ఇంకా నీళ్ళు కలపండి.

పుండు చుట్టూ ఉన్న మంచి చర్మానికి కాస్త కొబ్బరి నూనో వేజలైనో పట్టించండి. మందు కారినా తోలు కాలకుండా ఇది కాపాడుతుంది. తర్వాత దూదిని గానీ శుభ్రమైన గాజుగుడ్డను గానీ టర్పెంటైన్‌లో ముంచి, కారకుండా పిండి, పుండు నోటిలో పెట్టండి. పది పదిహేను నిమిషాలు ఆగండి. పురుగులు పైకి వస్తుంటాయి. శ్రావణంతో ఒక్కొక్కటీ తీయండి. గుంట లోతుగా ఉంటే తొందరపడొద్దు. పైన కనబడినవి తీసి సరిపెట్టుకుంటే లోపలివి మళ్ళీ మొదలుపెడతాయి. అన్నీ వచ్చాయనుకున్నాక మళ్ళీ పర్మాంగనేట్ నీళ్ళతో బాగా కడిగి, టర్పెంటైన్ తడి పోగొట్టండి. పెట్టిన దూదిని లెక్కపెట్టి తీయండి. లోపల ఒక ఉండ మిగిలిపోయినా దాని చుట్టూ చీము పడుతుంది.

తీసిన పురుగుల్ని పెంట మీదో నేల మీదో పడేయకండి. బలిసిన పురుగు మట్టి దొరికితే చాలు, ఈగ అవుతుంది. డొక్కు డబ్బాలో సలసల కాగే నీళ్ళు పోసి అందులో వేయండి. ఇది అందరూ తేలిగ్గా తీసుకునే పని. నిజానికి రెండు వారాల తర్వాత పక్క గేదెకు వచ్చే పురుగు ఇవాళ మీరు పడేసిన దానికి పుట్టిందే.

మర్నాడు చూడండి. పురుగు ఇంకా ఉంటే ఇదే పద్ధతి ఇంకోసారి చేయవచ్చు. లేకపోతే టర్పెంటైన్ సీసా మూత పెట్టి గూట్లో పెట్టేయండి, దానితో పని అయిపోయింది. రెండో రోజు కూడా పురుగు తగ్గకపోతే లోపల ఎక్కడో సొరంగం పడిందని అర్థం. అప్పుడు సొంత వైద్యం ఆపి డాక్టరుకు చూపించాలి. చర్మం కింద వేసే ఐవర్‌మెక్టిన్ సూది ఈ పురుగుల మీద బాగా పనిచేస్తుంది. అయితే పాలు ఇచ్చే పశువుకు ఆ సూది పడితే మందు పాలలోకి దిగుతుంది. అందుకే షాపులో కొనుక్కొచ్చి ఎవరితోనో వేయించకుండా, పాడి గేదె అని చెప్పి డాక్టరు నిర్ణయానికే వదిలేయాలి. పశువైద్యానికి 1962 నంబరు ఉంది, ఆ సంగతి మరిచిపోవద్దు.

ఎక్కడ పోయకూడదు?

ఈ మధ్య ఒక ఊళ్ళో చూసిన సంగతి చెబుతాను. రైతు గేదెకు గోడ తగిలి కొమ్ము మొదట్లో విరిగింది. నాలుగో రోజుకు పురుగులు పడ్డాయి. పెయింటు షాపు సీసా తెచ్చి కొమ్ము గుంటలో నిండా పోశాడు. పోసిన కాసేపటికి గేదె ముక్కులోంచి అదే వాసనతో నీళ్ళు కారాయి. తల విదిలిస్తూ, మేత ముట్టకుండా రెండు రోజులు ఉంది. గుంట ఎండటం లేదని ఆయన పది రోజులు పోశాడు. చివరికి డాక్టరు వచ్చి చూస్తే లోపల పురుగు ఒక్కటీ లేదు. ఉన్నదంతా మందుకు కాలిన మాంసం. పూటకు నాలుగు లీటర్లిచ్చే గేదె రెండు లీటర్లకు దిగింది.

ముక్కులోకి ఎందుకు వచ్చిందంటే, పెద్ద పశువు కొమ్ము లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలు నుదుటి ఎముకలోని గదితో, ఆ గది ముక్కుతో కలిసి ఉంటుంది. కొమ్ములో పోసింది ముక్కుకు దిగుతుంది. కాబట్టి విరిగిన కొమ్ములో టర్పెంటైన్ చుక్క కూడా పోయొద్దు. బాగా పిండిన దూదిని పై అంచున పెట్టి, పురుగు పైకి వచ్చాక తీసేయాలి. కొమ్ము మొదలంటా విరిగితే అది కూడా ఇంట్లో చేసే పని కాదు.

కంటి దగ్గర, చెవి లోపల, ముక్కులో, ఈనిన పశువు మానంలో, పొదుగు మీద, చన్నుల మీద టర్పెంటైన్ వాడనే కూడదు. దూడ బొడ్డు సంగతి మరీ జాగ్రత్త. బొడ్డు గొట్టం గుండా పోసింది కడుపు లోపలికి పోతుంది. దూడ బొడ్డుకు పుట్టిన రోజునే టింక్చర్ అయోడిన్ అద్దితే పురుగు దాకా రానే రాదు. కుక్కలు, పిల్లులు పూసిన చోటల్లా నాకుతాయి. వాటికి ఇది కడుపులోకి పోతే ప్రమాదం, పిల్లులకు మరీను. పొలం కాపలా కుక్కకు పురుగులు పడితే ఆస్పత్రికి తీసుకెళ్ళడమే మేలు.

పాడి రైతులకు ఇంకో మాట. టర్పెంటైన్ వాసన పాలకు ఇట్టే అంటుకుంటుంది. పూసిన చేత్తో పాలు పితికితే సరేసరి, గేదె ఆ ఆవిరి పీల్చినా పాలలో వాసన వస్తుంది. కేంద్రంలో క్యాను వెనక్కి వచ్చిందంటే నష్టం మీదే. పాలు పితికాకే పుండు పని పెట్టుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

పురుగు పోయాక...

ఇప్పుడు అసలు పుండును మాన్పే పని. పొవిడోన్ అయోడిన్ ద్రావణం గానీ, డాక్టరు రాసిచ్చిన ఆయింట్‌మెంట్ గానీ రోజూ పూయాలి. అంచుల మీద వేపనూనె రాస్తే ఈగ వాలదు. ఈగ వాలకుండా చూసుకోవడమే ఇక్కడ సగం వైద్యం.

నాటు వైద్యంలోనూ మంచి దారి ఉంది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న ఒక యోగం ఇదీ: కుప్పింటాకు, వేపాకు, తులసి, గోరింటాకు ఒక్కో గుప్పెడు, వెల్లుల్లి పది రెబ్బలు, పసుపు 20 గ్రాములు కలిపి మెత్తగా నూరి, అర లీటరు కొబ్బరి నూనెలో గానీ నువ్వుల నూనెలో గానీ కాచి, చల్లార్చి, కడిగిన పుండుకు రోజూ పూయాలి. పురుగు ఉంటే మొదటి రోజు మాత్రం సీతాఫలం ఆకు ముద్ద గానీ కర్పూరం కలిపిన కొబ్బరి నూనె గానీ పెట్టమంటారు. 'మొదటి రోజు మాత్రం' అన్న మాట గమనించండి. మన పెద్దలు కూడా పురుగు మందును పుండు మందును వేరుగానే చూశారు. సీతాఫలం ఆకు పొలం గట్టునే దొరుకుతుంది, పైసా ఖర్చు లేదు. గింజల పొడి మాత్రం వద్దు, ఎగిరి మీ కంట్లో గానీ పశువు కంట్లో గానీ పడితే చూపుకే చేటు.

పురుగు చావాలని పొలం మందులు చల్లేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు బి.హెచ్.సి. పొడి చల్లేవారు. దాన్ని 1997లో నిషేధించారు. దాని చుట్టమైన లిండేన్‌కూ 2013లో కాలం చెల్లింది. ఫోరేట్ గుళికలను 2020 ఆఖరుతో ఆపేశారు. ఎక్కడో అటక మీద పాత పొట్లం మిగిలి ఉంటుంది, దాన్ని పుండులో చల్లుతారు. పచ్చి పుండులో పడిన మందు నేరుగా రక్తంలోకి పోతుంది. పురుగుతో పాటు పశువూ పోతుంది. ఫినాయిలు, బ్యాటరీ నీళ్ళు, కలరా ఉండల పొడి కూడా పుండుకు వేసేవి కావు.

కడుపుబ్బుకు తాగించవచ్చా?

పచ్చి జొన్న, లూసర్న్ ఎక్కువ తిని పొట్ట ఉబ్బినప్పుడు పెద్ద పశువుకు 30 నుంచి 60 మి.లీ. టర్పెంటైన్‌ను అర లీటరు వేరుశనగ నూనెలో కలిపి తాగించడం పాత పద్ధతి. పుస్తకాల్లో ఉంది, కాదనలేం. కాకపోతే పొట్టలో నురుగును విరగ్గొట్టే పని చాలావరకు ఆ వంట నూనే చేస్తుంది. ఉబ్బిన పశువు ఆయాసపడుతూ ఉంటుంది. ఆ సమయంలో తల పైకెత్తి, నాలుక లాగి గొట్టంతో పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె పోతేనే కష్టం, టర్పెంటైన్ పోతే బతకడం అరుదు. పాలు, మాంసం రెండూ వాసన వేస్తాయి. నా మట్టుకు నేను చెప్పేది, డాక్టరు వచ్చేలోపు ఒట్టి వంట నూనెను తల ఎక్కువ ఎత్తకుండా, కొద్దికొద్దిగా, మింగనిస్తూ పోయండి. ముందు కాళ్ళు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టండి. ఎడమ డొక్క రాయిలా బిగిసి, నాలుక బయట పెట్టిందంటే ఇక ఏ సీసా కోసమూ వెతకొద్దు, డాక్టరును పిలిపించండి.

మనుషుల సంగతి

నొప్పుల బామ్ డబ్బా తిప్పి చూడండి. చాలా వాటి మీద తార్పిన్ తైలం అని ఉంటుంది. అది టర్పెంటైనే. తక్కువ పాళ్ళలో, వేరే వాటితో కలిపి ఉంటుంది. రాసిన చోట చర్మం కొద్దిగా మంటెత్తి, రక్తం చేరి వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనంలో కీలు నొప్పి కాసేపు మరుపునకు వస్తుంది. అంతకు మించి అరిగిన మోకాలిని బాగుచేసే శక్తి దానికి లేదు. బామ్‌లో ఉంది కదా అని సీసాలోది నేరుగా మోకాలికి పూసి గుడ్డ కట్టుకుంటే తెల్లారేసరికి బొబ్బలు. కోసుకున్న చోట, తేలు కుట్టిన చోట, తామరకు పూయడం కూడా ఇంతే.

ఒక చిన్న సంగతి. మూత తీసి నెలల తరబడి ఉంచిన టర్పెంటైన్ గాలి తగిలి మారిపోతుంది. అలా మారిన సరుకే ఎక్కువ దురద, దద్దుర్లు తెస్తుంది. మన చీర్ పైన్ నుంచి వచ్చే తైలంలో ఇలా మారే పదార్థం పాలు ఎక్కువ. ఏళ్ళ నాటి సీసా పశువుకూ వద్దు, మనిషికీ వద్దు.

ఫోన్లలో తిరిగే వీడియోల్లో చక్కెరలో టర్పెంటైన్ చుక్కలు వేసుకుని తింటే కడుపులో పురుగులు పోతాయని, ఒళ్ళు శుభ్రమవుతుందని చెబుతున్నారు. నమ్మకండి. మింగిన టర్పెంటైన్ మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది. చిన్న పిల్లలకు ఒక పెద్ద చెంచాడు, అంటే 15 మి.లీ., ప్రాణం తీయగలదు. నులిపురుగుల మాత్ర బడిలో, అంగన్‌వాడీలో ఉచితంగా ఇస్తారు.

ఇదే వీడియోల్లో ఇంకో పేరు వినబడుతోంది, డి.ఎం.ఎస్.ఓ. అని. ఇది కాగితం మిల్లుల్లో కలప గుజ్జు నుంచి బయటపడిన ద్రావణి. ఒంటికి పూస్తే నిమిషాల్లో చర్మం దాటి రక్తంలోకి పోతుంది, నోట్లో వెల్లుల్లి వాసన వస్తుంది. 1960లలో అమెరికాలో దీన్ని సర్వరోగ నివారిణి అన్నారు. 1965లో అక్కడి ప్రభుత్వం మనుషుల మీద ప్రయోగాలు ఆపించింది. తర్వాత 1970లో గుర్రాల వాపులకు, 1978లో మనుషులకు ఒక రకం మూత్రాశయ జబ్బుకు మాత్రం అనుమతించింది. దీని చిక్కు ఏమిటంటే, తాను పోయేటప్పుడు చర్మం మీద ఉన్న కొన్ని పదార్థాలను కూడా వెంట తీసుకుపోగలదు. ఆస్పత్రిలో శుభ్రమైన చర్మం మీద రాస్తే ఒక దారి. పొద్దున పత్తికి మందు కొట్టిన రైతు సాయంత్రం అదే చేతికి, అదే భుజానికి ఫ్యాక్టరీ సరుకు రాసుకుంటే ఏం లోపలికి పోతుందో ఆలోచించండి.

టర్పెంటైన్‌కూ కిరసనాయిలుకూ కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. పొలం మందు చేతికి అంటి జిడ్డుగా ఉందని కొందరు కిరసనాయిలుతోనో టర్పెంటైన్‌తోనో తుడుచుకుంటారు. జిడ్డు పోతుంది, దాంతోపాటు చర్మం నూనె పొర పోయి మందు లోపలికి వెళ్ళే తలుపు తెరుచుకుంటుంది. సబ్బు, ధారాళంగా నీళ్ళు, అంతే. పిచికారి చేసిన రోజు ఒంటికి ఏ తైలమూ వద్దు.

ఇక సీసా ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. టర్పెంటైన్ ఆవిరి మన ఎండాకాలం వేడికే మంట అందుకుంటుంది. పొయ్యి గట్టు మీద, దీపం గూట్లో ఉంచొద్దు. బీడీ కాలుస్తూ పుండు కట్టొద్దు. తడిసిన దూదిని గడ్డివాము దగ్గర పారేయొద్దు. నీళ్ళ సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచితే పిల్లలు తాగుతారు. కొన్న సీసాలోనే, లేబుల్ చింపకుండా, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. పొరపాటున ఎవరైనా మింగితే వేలు పెట్టి కక్కించే ప్రయత్నం చేయొద్దు. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఉప్పు నీళ్ళూ వద్దు, పాలూ వద్దు. ఆ సీసాను చేతిలో పట్టుకుని 108లో ఆస్పత్రికి వెళ్ళండి. తాగింది చెట్టు సరుకో, మినరల్ సరుకో డాక్టరుకు దాని లేబులే చెబుతుంది.